రాగిరేకు నేర్పిన మర్యాద

ఒకరు ముడిచి పారేసిన పువ్వు మరొకరి కొప్పుకు పనికిరాదని, ఒకరు చెప్పిన పదాన్నే మార్చి చెబితే హరి మెచ్చడని తాళ్లపాక అన్నమాచార్యులు ఒక సంకీర్తనలో పాట దొంగలను గట్టిగా మందలించాడు. పాట ఎవరిదన్న తగవు రికార్డులతోనో, సినిమాలతోనో, యూట్యూబ్‌తోనో మొదలైందని అనుకుంటాం. తిరుమల కొండ మీద దానికి అయిదు వందల ఏళ్లు నిండాయి.

అలాగని అన్నమయ్య ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదా? ధారాళంగా తీసుకున్నాడు. జాజర, సువ్వి, గొబ్బి, ఏల, లాలి, తుమ్మెద పదాలన్నీ పల్లె జనం రోకలి పోటుకూ, పండుగ ఆటకూ పాడుకున్న బాణీలే. వాటిని స్వామి సన్నిధికి తెచ్చాడు. అది దొంగతనం కాదు. పాట కట్టే తీరు ఊరందరి సొత్తు. ఒకరు కట్టిన పాట మాత్రం కట్టినవారిది. ఈ తేడా ఆయనకు స్పష్టంగా తెలుసు కనుకే జనం బాణీలకు చెయ్యి చాచాడు, పదచోరులను తిట్టాడు.

తెలుగు వాగ్గేయకారులు పేరు నిలుపుకోవడానికి ముద్ర అనే పద్ధతి పెట్టుకున్నారు. క్షేత్రయ్య పదాన్ని మువ్వగోపాలుడు పట్టిస్తాడు, త్యాగయ్య కృతి చివర ఆయన పేరే ఉంటుంది. తాళ్లపాక వారి విషయంలో మాత్రం ముద్ర ఒక్కటే చాలదు. అన్నమయ్య, కొడుకు పెద తిరుమలాచార్యులు, మనవడు చిన తిరుమలాచార్యులు ముగ్గురూ వేంకటేశుని పేరునే ముద్రగా వాడారు. ఎవరి పాట ఏదో చెప్పేవి ఆ పాటలను చెక్కించిన రాగిరేకులే. అన్నమయ్య శక సంవత్సరం 1346లో మొదలుపెట్టి 1424 వరకు పాడాడని రేకు మీదే చెక్కించారు. కర్త పేరు, కాలం, ప్రతి పాటకూ రాగం పేరు లోహం మీద రాయించిన కుటుంబం అది.

రేకుల మీద లేనిది స్వరం. 1920ల్లో తిరుమల ఆలయంలోని సంకీర్తన భండారంలో దాచిన రేకులు వెలుగు చూసి, సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి పండితుల చేతుల మీదుగా అచ్చయినప్పుడు సాహిత్యం చేతికొచ్చింది, రాగం పేరు తెలిసింది, పాడే తీరు మాత్రం తెలియలేదు. ఆ ఖాళీని మన కాలపు మనుషులు పూరించారు. అనంతపురం జిల్లాకు చెందిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మైసూరులో తెలుగు పాఠాలు చెప్పి, తిరుపతికి వచ్చి, పాటలకు బాణీలు కట్టి స్వరసహితంగా అచ్చువేయించారు. ఆ తరువాత నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ ఆ పని అందుకున్నారు. 1978లో తిరుమల తిరుపతి దేవస్థానం వారి అన్నమాచార్య ప్రాజెక్టులో చేరిన బాలకృష్ణప్రసాద్ ఆరు వందలకు పైగా సంకీర్తనలకు స్వరం కట్టి, 2025 మార్చిలో తిరుపతిలోనే కన్నుమూశారు.

‘నానాటి బ్రతుకు’ అనగానే మన చెవిలో రేవతి రాగం మోగుతుంది. రేకు మీద ఉన్న రాగం రేవతి కాదు. ఆ బాణీ నేదునూరిది. ‘వినరో భాగ్యము విష్ణుకథ’ బాణీ బాలకృష్ణప్రసాద్‌ది. అయినా సభల్లో, పోటీల్లో, పెళ్లి మండపాల్లో, ఫోన్లలో తిరిగే వీడియోల్లో చాలాసార్లు వినిపించేది ‘అన్నమయ్య కీర్తన’ అన్న ఒక్క మాటే. పాడే పిల్లలకు, నేర్పే గురువులకు కూడా ఆ రాగం పదిహేనో శతాబ్దం నుంచి వచ్చిందనే అనిపిస్తుంది. ఇది స్వరకర్తకు అన్యాయం. అన్నమయ్యకూ అన్యాయమే. ఆయన ఎంచుకున్న రాగం ఏమిటో ఎవరూ అడగకుండా పోతుంది.

సాహిత్యం ఒకరిది, బాణీ మరొకరిది కావచ్చని చట్టం కూడా చెబుతోంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం కర్త పోయాక 60 ఏళ్ల వరకు హక్కు ఉంటుంది. అన్నమయ్య సాహిత్యం అందరిదీ. 1979లో పోయిన రాళ్లపల్లి బాణీలకు 2039 దాకా, 2014లో పోయిన నేదునూరి బాణీలకు 2074 దాకా రక్షణ ఉంది. ఉద్యోగంలో భాగంగా కట్టిన బాణీపై హక్కు సంస్థకు చెందవచ్చు. ఆ హక్కు ఎవరి చేతికి వెళ్లినా, కర్తను నేనేనని చెప్పుకునే హక్కు కర్తను వీడిపోదని 57వ సెక్షన్ అంటోంది.

పేరు దాస్తే ఏమవుతుందో ప్రపంచం చూసింది. బ్రిటన్ రాక్ బృందం లెడ్ జెప్పెలిన్ 1969లో ‘హోల్ లొట్టా లవ్’ పాడి లోకాన్ని ఊపేసింది. అందులోని మాటలు చాలా వరకు అమెరికా నల్లజాతి బ్లూస్ రచయిత విల్లీ డిక్సన్ పాటలోవే. ఆయన 1985లో దావా వేశాక గానీ రాజీ కుదరలేదు. ఇప్పుడు ఆ పాట రచయితల్లో ఆయన పేరూ ఉంది. మన దగ్గర 2021లో ‘లవ్ స్టోరీ’ సినిమాలోని ‘సారంగదరియా’పై రేగిన వివాదమూ ఇలాంటిదే. ఊళ్లో పాత పాటను వెతికి వెలుగులోకి తెచ్చిన గాయనికి గుర్తింపు ఏదని జానపద కళాకారులు అడిగారు. అక్కడా ఇక్కడా ఎవరూ పాట పాడవద్దనలేదు. పేరు చెప్పమన్నారు.

భక్తి పాట స్వామిది, మధ్యలో మనిషి పేరెందుకని కొందరంటారు. ఆ మాటలోని వినయం నాకూ ఇష్టమే. అయితే వినయం చూపవలసింది పాట కట్టినవారు, పాడుకునే మనం కాదు. మనం చూపవలసింది కృతజ్ఞత. స్వామికే అంకితమైన పాటల మీద తండ్రి పేరు చెక్కించినప్పుడు పెద తిరుమలాచార్యుల భక్తికి ఏ లోటూ రాలేదు.

చేయవలసింది పెద్ద పని కాదు, ఖర్చు లేనిది. తిరుమల నాదనీరాజనం వేదిక మీద, తిరుపతి మహతి, అన్నమాచార్య కళామందిరం సభల్లో, ఎస్వీబీసీ ప్రసారాల్లో ప్రతి పాటకూ మూడు మాటలు చెప్పాలి: సాహిత్యం ఎవరిది, రేకు మీద రాగం ఏది, ఇప్పుడు పాడుతున్న బాణీ ఎవరిది. సంగీత కళాశాలల్లో, పిల్లల పోటీల్లో దీన్ని నియమం చేయాలి. తిరుమల తిరుపతి దేవస్థానం తన దగ్గరున్న బాణీలన్నిటికీ స్వరకర్తల పేర్లతో ఒక పట్టిక అచ్చువేసి అందరికీ అందుబాటులో ఉంచాలి. ఆ బాణీలను ఎరిగిన శిష్యులు మన మధ్య ఉండగానే ఈ పని జరగాలి. రాగిరేకు మీద పేరు చెక్కిన ఊరు మైకులో పేరు చెప్పడానికి వెనకాడకూడదు.