ర్యాంకు ఆర్డర్ బై లో పుడుతుంది

లాలాపేట్ లో, ఓయూ క్యాంపస్ పక్కన ఉండేవాళ్ళకి ర్యాంకంటే ఏంటో చెప్పక్కర్లేదు. కానీ దాన్ని తయారు చేసేది ఒక ఆర్డర్ బై అన్న సంగతి మన సాఫ్ట్‌వేర్ వాళ్ళమే మర్చిపోతుంటాం.

ఎంసెట్ నే తీసుకోండి. తెలంగాణలో వెయిటేజీ ఉన్న రోజుల్లో ఎంసెట్ కి 75 శాతం, ఇంటర్ గ్రూపు మార్కులకి 25 శాతం. నార్మలైజేషన్ సంగతి పక్కన పెట్టి చూద్దాం. ఒకమ్మాయికి 160కి 96, ఇంటర్లో 600కి 580 అనుకోండి: 45 + 24.17 = 69.17. ఒకబ్బాయికి 100, 480 అయితే 46.88 + 20 = 66.88. అమ్మాయి ముందు. 2023లో వెయిటేజీ ఎత్తేశారు. అవే రికార్డులు, ఇప్పుడు అబ్బాయి ముందు! డేటాలో ఒక్క అంకె మారలేదు.

అంటే ఆ ఫార్ములా ఒక ప్రభుత్వ నిర్ణయం. దాన్ని రిపోర్టులో ఒకసారి, స్క్రీన్ లో ఇంకోసారి కాపీ కొట్టకూడదని నా అభిప్రాయం. వ్యూలోనో, జెనరేటెడ్ కాలమ్ లోనో ఒక్కచోటే పెట్టండి. మైఎస్క్యూఎల్ లో 2015 నుంచి, పోస్ట్‌గ్రెస్ లో 2019 నుంచి ఆ సదుపాయం ఉంది. రీకౌంటింగ్ లో మార్కులు మారితే స్కోరు దానంతటదే మారుతుంది, ఇండెక్స్ కూడా వేసుకోవచ్చు.

మూడు జాగ్రత్తలు:

1. పోస్ట్‌గ్రెస్, ఎస్క్యూఎల్ సర్వర్ లలో ఇంటీజర్ ని ఇంటీజర్ తో భాగిస్తే దశాంశాలు ఎగిరిపోతాయి. 96/160 అంటే సున్నా. దాదాపు అందరి స్కోరూ సున్నాయే, ఎర్రర్ రాదు, లిస్టు మాత్రం చక్కగా వచ్చేస్తుంది! భాగించే ముందే డెసిమల్ గా మార్చండి.

2. రౌండింగ్ చూపించడానికే. సార్ట్ చేసేది అసలు విలువ మీద.

3. స్కోర్లు సమానమైతే ఎవరు ముందో రాయకపోతే డేటాబేస్ తనిష్టం వచ్చిన వరసలో ఇస్తుంది. ఎంసెట్ లో దానికి లెక్కల మార్కుల నుంచి పుట్టినతేదీ దాకా రూల్సున్నాయి. అవన్నీ ఆర్డర్ బై లో ఉండాల్సిందే.

ఇంత చాదస్తం ఎందుకంటారా? బీసీ విద్యార్థులకి 10,000 లోపు ర్యాంకయితే పూర్తి ఫీజు, దాటితే 35,000 దాకానే రీయింబర్స్‌మెంట్ అనే రూలు తెలంగాణలో ఏళ్ళ తరబడి నడిచింది. 10,000కీ 10,001కీ మధ్య మనకి కనపడేది ఒక్క వరసే. ఆ ఇంట్లో వాళ్ళకి అది నాలుగేళ్ళ ఫీజు.