చుక్కలు కలిపితే అక్షరమవుతుందా?

'దిద్దడం' అనే మాట మనవాళ్లు ఎన్ని పనులకి వాడుకున్నారో చూడండి. బొట్టు దిద్దుతాం, కాటుక దిద్దుతాం, తప్పులు దిద్దుతాం, అక్షరాలు దిద్దుతాం. గురజాడ 1910లో తన కథకి 'దిద్దుబాటు' అని పేరు పెట్టారు. ఇంత చక్కటి మాటని ఇవాళ నర్సరీ బళ్లు తీసుకెళ్లి చుక్కల పుస్తకానికి అంటగట్టాయి.

దిద్దడం మీద నాకేం కోపం లేదు, ముందే చెప్తున్నాను. దిద్దకుండా ఎవరికీ రాత రాలేదు. నా పేచీ అంతా ఆ పేరు చెప్పి మూడేళ్ల పిల్లల చేత చేయిస్తున్న చాకిరీతోనే.

ఆ పుస్తకం మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. పేజీకో అక్షరం, పైనుంచి కిందదాకా వరసలు వరసలుగా, చుక్కల్లో అచ్చేసి ఉంటుంది. పిల్ల పెన్సిలు పట్టుకుని చుక్కల మీదుగా గీత లాగాలి. 'రేపటికి నాలుగు పేజీలు' అని డైరీలో రాసి పంపుతారు. రాత్రి తొమ్మిదింటికి పిల్ల నిద్రకి తూగుతూంటుంది. తల్లి ఆ చిన్న చేతిని తన గుప్పిట్లో పెట్టుకుని పేజీలు నింపుతుంది. మరీ పొద్దుపోతే తనే ఎడంచేత్తో వంకర టింకరగా గీసేస్తుంది. పిల్ల రాసినట్టు ఉండాలి కదా! మర్నాడు టీచరమ్మ ఎర్రసిరాతో 'గుడ్' అని రాస్తుంది. ఆ గుడ్ తల్లికా, పిల్లకా?

పోనీ, పిల్లే బుద్ధిగా కూర్చుని గీసిందనుకుందాం. ఏం నేర్చుకుంది? 'ర' తీసుకోండి. కిందనుంచి మొదలెట్టినా, పైనుంచి మొదలెట్టినా, కుడికి తిప్పినా, ఎడమకి తిప్పినా, సగం ఇటూ సగం అటూ గీసి మధ్యలో కలిపినా, అయ్యాక పేజీ ఒకేలా కనిపిస్తుంది. ముప్ఫై పుస్తకాలు ముందేసుకున్న టీచరుకి అయిపోయిన అక్షరం కనబడుతుంది గానీ, అది అవుతున్నప్పుడు చెయ్యి ఎటు పోయిందో కనబడదు. నేర్పాల్సింది ఆ చేతి నడకనే కదండీ! తప్పు నడక రోజుకి నలభైసార్లు నడిపిస్తే అదే చేతికి అలవాటై కూర్చుంటుంది. మూడో తరగతిలో డిక్టేషన్ దగ్గర వాడు వెనకబడిపోతే, అప్పుడు మనల్ని పిలిచి "మీవాడు కాస్త స్లో అండీ" అంటారు.

తెలుగు అక్షరాలకి ఈ చుక్కలు మరీ అన్యాయం చేస్తాయి. 'వ'కీ 'ప'కీ తేడా ఎంత? తలకట్టు అంటుకుని ఉంటే ఒకటి, ఎడంగా ఉంటే ఇంకొకటి. అక్షరమంతా ఎడం ఎడంగా చుక్కల్లో అచ్చేస్తే అసలైన ఆ ఎడం ఎక్కడని కనిపిస్తుంది? 'ర' పొట్టలో ఒక్క చుక్క పెడితే 'ఠ' అవుతుంది. ఇన్ని చుక్కల మధ్య ఆ చుక్క గొప్పతనం మూడేళ్ల పిల్లకి ఎలా తెలియాలి? ఈ పద్ధతిని కళ్లు మూసుకుని మన గుండ్రాలకి తగిలించేశారు. అందులోనూ ముందు ఏబీసీడీలు, తరవాత అంకెలు, చివరికి చెయ్యి నొప్పెట్టాక తెలుగు. ఆ పిల్లకి పెద్దయ్యాక తెలుగు రాయడమంటే విసుగు పుడితే భాష మీద అభిమానం లేదని సభల్లో వాపోతాం.

"మరి మీ రోజుల్లో పలక మీద దిద్దలేదా? అదీ ఇదీ ఒకటే కదా!" అంటారు. ఒకటి కాదు. పలక నిండా ఒకే ఒక్క అక్షరం ఉండేది. దాన్ని ఇంట్లో ఎవరో, బళ్లో పంతులుగారో, పిల్ల చూస్తూండగా రాసేవారు. ఎక్కడ మొదలైందో, ఎటు తిరిగిందో, ఎక్కడ ఆగిందో పిల్ల కళ్లారా చూసేది. తరవాత బలపంతో దాని మీదే మళ్లీ మళ్లీ, గీత పొట్ల కాయంత లావయ్యేదాకా దిద్దేది. చెయ్యి తప్పుదారి పడితే పక్కనున్నవాళ్లు అక్కడే పట్టుకునేవారు. ఆ తరవాత తడిగుడ్డతో తుడిచేసి, "ఇప్పుడు చూడకుండా రాయి" అనేవారు. చుక్కల పుస్తకంలో ఆ తుడిచెయ్యడమే లేదు. ఈ పేజీ అయితే ఇంకో పేజీ, ఈ పుస్తకం అయితే పార్ట్ టూ! ఈమధ్య ఇంకోటి వచ్చింది: అక్షరాన్ని గాడిలా చెక్కి, మాయమైపోయే సిరాతో గీయమంటున్నారు. గాడే పెన్నుని నడిపిస్తే ఇక పిల్ల చేతికి పనేముంది?

పాత వీధిబడి స్వర్గమని నేననను. అక్కడ బెత్తం ఉంది, కోదండం ఉంది. ఊళ్లో సగంమంది పిల్లలకి, ఆడపిల్లలకి చాలామటుకు, ఆ గడప తొక్కే భాగ్యమే లేదు. కానీ ఇసుకలో వేలితో రాయించడం మాత్రం బంగారంలాంటి పని. మద్రాసులో సైనికుల అనాథ పిల్లల బడి నడిపిన ఆండ్రూ బెల్ అనే దొర ఇక్కడి పిల్లలు ఇసుకలో రాసుకోవడం చూసి ముచ్చటపడి, తన బడిలోనూ పెట్టి, 1797లో లండన్‌లో పుస్తకం అచ్చేయించాడు. దానికి 'మద్రాసు పద్ధతి' అని పేరొచ్చింది. మరియా మాంటిస్సోరి కూడా పిల్ల చేతికి పెన్సిలు ఇచ్చేముందు గరుకు కాగితంతో చేసిన అక్షరాలని వేళ్లతో తడమమంది. ఆవిడ 1939లో మద్రాసు అడయారుకి వచ్చి మన టీచర్లకే స్వయంగా పాఠాలు చెప్పింది. ఆవిడ పేరు బోర్డుకెక్కించుకున్న బళ్లు మన జిల్లాల్లో వీధికొకటి ఉన్నాయి. లోపలికెళ్లి గరుకు అక్షరాలు చూపించమనండి. చుక్కల పుస్తకాల కట్ట చూపిస్తారు.

మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయట. మూడేళ్ల వయసులో వాటిలో చాలావరకు ఇంకా మెత్తటి మృదులాస్థిగానే ఉంటాయి. ఆ చేతికి కావలసింది పిండి ముద్ద, చిక్కుడుకాయలు, దారంలో గుచ్చుకోడానికి పూసలు. 2020 జాతీయ విద్యావిధానం కూడా మూడేళ్లనుంచి ఎనిమిదేళ్లదాకా చదువు ఆటలతో సాగాలనే చెప్పింది. చదివినవాళ్లెవరు!

అసలు మనకి చుక్కలు కొత్తవా? సంక్రాంతికి ప్రతి ఇంటిముందూ చుక్కలే. కానీ మెలికల ముగ్గులో గీత చుక్క మీద పడదు. చుక్కని చుట్టి వస్తుంది. ఎటు తిప్పాలో ఆడపిల్ల ముందు మనసులో గీసుకోవాలి, తరవాత పిండి వదలాలి. పదేళ్ల పిల్ల చెయ్యి అలా తిరుగుతూంటే నిలబడి చూడాలనిపిస్తుంది.

ఒక బడి ప్రిన్సిపాలుగారితో ఇదంతా అంటే, ఆవిడ నవ్వి, "నిండిన పుస్తకం కనబడకపోతే పేరెంట్సే ఊరుకోరండీ" అంది. నిజమే. నిండిన పేజీని మనం ఫీజుకి రసీదులా చూస్తున్నాం. కాబట్టి ఆవిడని అని లాభం లేదు, మీకే చెప్తున్నాను. ఇవాళ రాత్రికి ఆ నాలుగు పేజీలూ ఖాళీగా వదిలెయ్యండి. ఒక పళ్లెంలో బియ్యప్పిండి పోసి, మీ వేలితో పెద్ద 'ర' ఒక్కటి, పిల్ల చూస్తూండగా మెల్లగా రాయండి. దాని వేలితో నాలుగుసార్లు దిద్దనిచ్చి, పళ్లెం కుదిపి చెరిపేసి, దాన్నే రాయమనండి. వచ్చినా రాకపోయినా పడుకోబెట్టెయ్యండి. మర్నాడు టీచరు ఫోన్ చేసి పేజీలేవని అడిగితే, "మా పిల్ల 'ర' ఎక్కడ మొదలెడుతుందో మీరు చూశారా అమ్మా?" అని అడగండి.