చెరువుకు చేరవలసిన శాస్త్రం

దక్షిణ తెలంగాణ మెట్టసీమలో నీటి విలువ తెలియని వారుండరు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల మీదుగా కృష్ణానది ప్రవహిస్తున్నా, అది పల్లంలో సాగిపోతుంది. పొలాలు మాత్రం ఎత్తున నిలిచి వాన కోసం ఎదురుచూస్తాయి. అందువల్లనే పూర్వులు వాగులకు అడ్డంగా కట్టలు పోసి, ఒక చెరువు మత్తడి నీరు మరొక చెరువును నింపేటట్లు గొలుసుకట్టు చెరువులను నిర్మించారు. నల్లగొండ చెంత పానగల్లు ఉదయసముద్రం, వనపర్తి సంస్థానంలోని శ్రీరంగాపురం రంగసముద్రం వారి దూరదృష్టికి నేటికీ సాక్ష్యాలుగా నిలిచి ఉన్నాయి. ఈ చెరువులు వరికి నీరిచ్చాయి. ఊరికి చేపనూ ఇచ్చాయి. మృగశిర కార్తె ప్రవేశించిన నాడు చేప తినడం ఇక్కడి ప్రజలకు ఆచారం. అయితే ఆయకట్టు కింది వరికి లభించిన శాస్త్రపరిశోధన ఆ చెరువులోని చేపకు లభించిందా? అంతగా లభించలేదనే చెప్పవలసి ఉంటుంది.

చెరువులో పెరిగే చేప చెరువులోనే పుడుతుందని చాలామంది భావిస్తారు. అది అన్ని చేపల విషయంలో నిజం కాదు. మన అంగళ్లలో ప్రధానంగా కనిపించే బొచ్చె, రవ్వ, మ్రిగాల అనే మూడూ స్వభావరీత్యా నదీజాతులు. వర్షకాలంలో నది పొంగి, ఒడ్డున ఉన్న పల్లపు నేలలు మునిగినప్పుడు మాత్రమే అవి గుడ్లు పెడతాయి. నిలకడ నీటిలో వాటి కడుపున గుడ్లు పక్వమవుతాయి గాని విడుదల కావు. కొంతకాలానికి శరీరంలోనే ఇంకిపోతాయి. కనుక పూర్వం చేపపిల్లల కోసం నదులనే ఆశ్రయించవలసి వచ్చేది. వరదనీటిలో వల పన్ని పట్టిన పిల్లలలో మంచిజాతి ఏదో, తోటి చేపలను మింగే జాతి ఏదో తేల్చడం కష్టంగా ఉండేది.

ఈ చిక్కుముడిని విప్పినవాడు హీరాలాల్ చౌదరి. మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి సంతానోత్పత్తిని నడిపిస్తుందని అప్పటికే శాస్త్రజ్ఞులు గుర్తించారు. 1930లలో బ్రెజిల్ దేశంలో ఆ గ్రంథి రసంతో చేపల చేత గుడ్లు పెట్టించారు. ఆ మార్గంలో శ్రమించిన చౌదరి, ఆయన సహచరులు 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో మన కార్పు చేపల విషయంలోనూ విజయం సాధించారు. ఒక చేప నుండి తీసిన గ్రంథి రసాన్ని పక్వదశలో ఉన్న ఆడ, మగ చేపలకు సూదిమందుగా ఎక్కించగా, నదిని చూడకుండానే అవి గుడ్లు పెట్టాయి. ఆ రోజునే నేడు దేశమంతటా జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుకుంటున్నారు. నదికి దూరమైన ఒక పల్లె చెరువులో ఈనాడు రవ్వ చేప దొరుకుతున్నదంటే, దాని వెనుక ఆనాటి ప్రయోగం ఉన్నది.

పరిశోధన అక్కడితో ఆగలేదు. బొచ్చె నీటి పైభాగంలో, రవ్వ నడుమ, మ్రిగాల అడుగున ఆహారం వెదుకుతాయి. ఒకే కుంటలో మూడింటినీ తగిన పాళ్లలో పెంచితే ఒకదాని తిండికి మరొకటి పోటీ రాదు. మిశ్రమ చేపల పెంపకానికి మూలమైన సూత్రం ఇదే. భువనేశ్వర్ సమీపంలోని కౌసల్యాగంగలో ఉన్న కేంద్రీయ మంచినీటి జలజీవుల పెంపక సంస్థ, నార్వే శాస్త్రజ్ఞుల సహకారంతో, మేలైన చేపలను తరతరానికీ ఎంపిక చేస్తూ త్వరగా ఎదిగే రవ్వను రూపొందించి 1997లో ‘జయంతి రోహు’ పేరుతో విడుదల చేసింది. ఇవి గర్వించదగిన విజయాలు.

అయితే ఒక విషయం విస్మరించరాదు. ఈ విజయాలలో అధికభాగం చేపల కుంటలకు సంబంధించినవి. కొల్లేరు పరిసరాలలోని కుంటలో నీటి లోతు రైతు చేతిలో ఉంటుంది. అతడు తవుడు వేస్తాడు, ఎరువు వేస్తాడు, అవసరమైతే నీరు మారుస్తాడు. మెట్టసీమ చెరువు అటువంటిది కాదు. అది ముందుగా పొలానిది, పశువులది, ఆ తరువాతనే చేపది. తూము తెరిస్తే మట్టం తగ్గుతుంది. అనేక చిన్న చెరువులలో నీరు కొన్ని నెలలే నిలుస్తుంది. ఎండలు ముదిరేకొద్దీ మిగిలిన మడుగు వేడెక్కుతుంది; వేడినీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది. పగటిపూట నీటిమొక్కలు ప్రాణవాయువును విడిచినా, రాత్రంతా అవి, చేపలు కలిసి దానిని పీల్చుకుంటాయి. తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరవడానికి కారణం ఇదే. కనుక కుంటకు చెప్పిన పాఠాన్ని చెరువుకు యథాతథంగా అప్పగించడం తగదు.

తెలంగాణ ప్రభుత్వం 2016లో చెరువులలో ఉచితంగా చేపపిల్లలను విడిచే పథకాన్ని ప్రారంభించింది. మత్స్య సహకార సంఘాలకు చేయూతనిచ్చే ఆశయం ప్రశంసనీయమైనది. కాని ఇటువంటి కార్యక్రమాల ఫలితాన్ని విడిచిన పిల్లల సంఖ్యతో కొలవడం సరికాదు. పట్టిన చేపల బరువే అసలైన కొలమానం. కొన్ని నెలలే నీరుండే చెరువులో పిల్లలను ఒక నెల ఆలస్యంగా విడిస్తే, చేప ఎదిగే కాలంలో గణనీయమైన భాగం వృథా అవుతుంది. అంగుళం పొడవున్న పిల్ల వాలుగకో, కొర్రమట్టకో ఆహారమయ్యే ప్రమాదం ఎక్కువ; నాలుగంగుళాల పిల్లకు తప్పించుకొనే శక్తి వస్తుంది. వేయి పిల్లలను విడిచి వంద చేపలను పట్టడం కన్న, మూడు వందలను విడిచి రెండు వందలను పట్టడం మేలు కదా! ఏ చెరువుకు ఏ జాతి, ఏ పరిమాణం, ఏ తేదీ అనుకూలమో చెప్పగలిగే పరిశోధన ఈ ప్రాంతానికి అత్యవసరం. ఊరిలోనే చిన్న నర్సరీ కుంటలు ఏర్పరచి పిల్లలను కొంత పెంచి విడిచే పద్ధతిని విస్తరింపజేయడమూ అంతే అవసరం.

స్థానిక జాతుల సంగతి మరింత ఆలోచింపదగినది. కొర్రమట్టగా పిలిచే కొర్రమీను తెలంగాణ రాష్ట్ర మత్స్యం. గాలిని నేరుగా పీల్చగల అవయవం ఉన్నందున అది తక్కువ నీటిలోనూ బ్రతుకుతుంది. వానలు పడగానే చెరువు అంచున గుడ్లు పెట్టి, ఎర్రని గుంపుగా తిరిగే పిల్లలకు తల్లిదండ్రులు కావలి కాస్తాయి. ఆ సమయంలో కావలి చేపను పడితే గుంపు మొత్తం అనాథ అవుతుంది. మెట్టసీమ నీటి ఎద్దడికి ఇంతగా తగిన చేప మరొకటి అరుదు. పిల్లదశలో ఒకదానినొకటి తినే స్వభావం వల్ల దీని పెంపకం కష్టసాధ్యమైంది. ఆ కష్టాన్ని తొలగించడమే పరిశోధకుని పని. దీనికి భిన్నమైనది జిలేబి చేప. 1952లో మన దేశానికి వచ్చిన ఆ ఆఫ్రికా జాతి, గుడ్లను నోటిలో దాచుకొని పొదుగుతూ ఏడాదిలో పలుమార్లు సంతానాన్ని కంటుంది. చెరువు నిండా చిన్న చేపలే మిగిలి, పరక వంటి స్థానిక జాతుల తిండి తరుగుతుంది. ఒక జాతిని నీటిలో విడిచే ముందు దాని జీవితాన్ని చదవాలని ఈ ఉదాహరణ బోధిస్తున్నది.

తరతరాలుగా వల వేస్తున్న వారికి శాస్త్రంతో పనేమిటని కొందరు ప్రశ్నిస్తారు. చదువుకోని వారికి చేపను గూర్చి ఏమి తెలుసునని మరికొందరు తేలికగా మాట్లాడతారు. ఈ రెండు వాదాలూ సమంజసం కావు. ఏ వాగు పొంగితే ఏ చేప ఎదురెక్కుతుందో, ఏ మడుగు వేసవిలో ఎండదో బెస్తలకు, ముదిరాజులకు తెలుసు. నీటిలోని ప్రాణవాయువును కొలవడం, రోగాన్ని గుర్తించడం పరిశోధకునికి తెలుసు. మొదటివారి జ్ఞానం ఒక చెరువుకు పరిమితం. రెండవవారి జ్ఞానం ఆ చెరువును చూడనంతకాలం అసంపూర్ణం. ఇద్దరూ ఒకే కట్టపై కూర్చున్ననాడే ఆ జ్ఞానం సఫలమవుతుంది.

ఈ కలయికకు అవకాశం నేడు దగ్గరలోనే ఉన్నది. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని పెబ్బేరులో, పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం పరిధిలో 2017లో మత్స్య కళాశాల నెలకొన్నది. దానికి చేరువలో రంగసముద్రం వంటి చెరువులు, జూరాల జలాశయం ఉన్నాయి. ఎత్తిపోతల పథకాల ద్వారా కృష్ణా జలాలు అనేక చెరువులకు చేరుతున్నాయి. వాననీటి చెరువుకు, నదినీటి చెరువుకు మధ్య చేప ఎదుగుదలలో భేదమెంత? హైదరాబాదు మురుగును మోసుకువచ్చే మూసీ నీటితో నిండే నల్లగొండ వైపు చెరువులలో చేప ఆరోగ్యం, దానిని తినేవారి ఆరోగ్యం ఎట్లున్నవి? ఇటువంటి ప్రశ్నలకు సమాధానం దూరదేశపు ప్రయోగశాలలో దొరకదు. ఆ చెరువుల ఒడ్డునే వెదకాలి.

విజ్ఞానశాస్త్రం చదివే యువత వైద్యం, ఇంజనీరింగులనే జీవితధ్యేయాలుగా భావించడం సహజమైపోయింది. తమ ఊరి చెరువు కూడా ఒక ప్రయోగశాలయే అని వారు గుర్తించాలి. హీరాలాల్ చౌదరి చేప పుట్టుకను నది నుండి విముక్తం చేశాడు. ఆ చేపను కరువుసీమ చెరువులో నిండుగా ఎదిగించే బాధ్యత ఈ నేల బిడ్డలది. పూర్వులు కట్టను నిలిపి నీటిని ఆపారు. ఆ నీటికి శాస్త్రాన్ని చేర్చినప్పుడే వలవేసే చేతికి నిండైన ఫలం దక్కుతుంది.