వేళ్ళకు సరే, చెవులకో?

ఒకటి, రెండు, మూడు, నాలుగు. చూపుడువేలు మొదలు చిటికెనవేలి దాకా, వరుసగా నాలుగు మెట్ల మీద, ఆరు తీగల మీదా. గిటార్ పట్టిన ప్రతివాడికీ మొదట పడే శిక్ష ఇదే. మెట్రొనోమ్ 60తో మొదలుపెట్టి 120 దాకా నేనూ రెండేళ్ళు అనుభవించాను. వేగం వచ్చింది, పాట రాలేదు.

"వేళ్ళు తిరగాలంటే తప్పదు" అంటారు. తిరగవద్దని ఎవరన్నారు? నాలుగు వేళ్ళను 24 వరుసల్లో పేర్చవచ్చునే, ఆ ఒక్కదానికే ఎందుకీ పూజ? పోనీ, ఆ వరుసలోనే మూడేసి స్వరాలకొక ఊనిక పెట్టి చూడండి. ఊనిక ప్రతిసారీ వేరొక వేలిమీద పడి, మగత దానంతటదే వదులుతుంది.

జూలియానీ 1812లో కుడిచేతికి 120 అభ్యాసాలు ప్రచురించాడు. అన్నిటికీ ఆధారం రెండే కార్డులు: సి, జి7. వరుసపెట్టి వాయిస్తే నిద్ర ఖాయం (నాకు పట్టింది కూడా). తప్పు ఆయనది కాదు, ఆ రెండు కార్డులు దాటని మన భక్తిది. బ్రెజిల్ స్వరకర్త విల్లా-లోబోస్ మొదటి ఎత్యూద్ వినండి. కుడిచేతికి చాలావరకు ఒకే మీటు వరుస. నడుమ ఎడమచేయి ఒకే ఆకారాన్ని మెట్టు మెట్టుగా వెనక్కి జారుస్తుంటే, విడితీగలు మోగుతూనే ఉంటాయి. అదీ అభ్యాసమే, కచేరీల్లోనూ వాయిస్తారు!

ఇప్పుడు నేను జూలియానీ మీటు ఒక్కటి తీసుకొని, నాకిష్టమైన పాట కార్డుల మీద వారమంతా సాధన చేస్తున్నాను. మెట్రొనోమ్ 72 దాటలేదు. మొన్న పక్కగదిలోంచి అమ్మ "అదేం పాటరా?" అని అడిగింది. ఆ రెండేళ్ళలో ఒక్కనాడూ అడగలేదు.