రెండు బడుల నడుమ పదకొండు వారాలు

ఉద్యోగరీత్యా ఊళ్ళు మారే కుటుంబాలకు సామాను లారీకెత్తించడం అంత పెద్ద పని కాదు. డబ్బిస్తే ఆ పని చేసిపెట్టేవాళ్ళున్నారు. చిక్కల్లా పిల్లల చదువు దగ్గరే. బదిలీ ఉత్తర్వులకు విద్యాసంవత్సరంతో పొత్తు లేదు. అవి ఏ మాఘమాసంలోనో వస్తాయి, బడి మాత్రం జూన్‌లో మొదలవుతుంది. ఆ మధ్యకాలం ఏం చేయాలన్నదే ప్రశ్న. చిన్న పిల్లల విషయంలో నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ ఖాళీని ఇంట్లో నిక్షేపంగా పూడ్చవచ్చు. బడిలో తీరిక దొరకని ఒకటి రెండు పనులకు ఆ ఖాళీయే సరైన అదను కూడా. కాకపోతే ఇంటిని చిన్నసైజు బడిగా మారిస్తే ఇల్లూ చెడుతుంది, చదువూ చెడుతుంది.

ఇంటిబడిని జీవితవిధానంగా స్వీకరించినవారి తరఫున నేను వాదించడం లేదు. వారి కారణాలు వారికున్నాయి. నేను మాట్లాడుతున్నది తాత్కాలికమైన ఏర్పాటు గురించి, అదీ ఆరేడేళ్ళ పిల్లల గురించి. పదో తరగతి పిల్లవాడికి ఇదే సలహా ఇవ్వను.

2024 ఫిబ్రవరి మొదటివారంలో మేము నాగపూర్ నుంచి హైదరాబాదు వచ్చాం. అమ్మాయికి ఏడేళ్ళు, రెండో తరగతి. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడుతుంది కానీ ఒక్క అక్షరం చదవలేదు. బడిలో నేర్చినవి ఇంగ్లీషు, మరాఠీ. మేము చేర్చదలచిన బడివారు జూన్ 12న రమ్మన్నారు. ఈలోగా రెండు నెలలు బంధువుల ఇంట్లో ఒక పేటలో, ఆపైన అద్దె ఇంట్లో వేరొక పేటలో ఉండాలి. వేసవి సెలవులు తీసేస్తే మిగిలింది పదకొండు వారాలు. ఆ పదకొండు వారాల కోసం ఒక బడిలో చేర్చి, పిల్ల అక్కడ స్నేహాలు చేసుకున్నాక మళ్ళీ మాన్పించి మరో బడికి పంపడం మాకు సబబుగా తోచలేదు.

ఇక్కడ చట్టం సంగతి తెలుసుకోవడం అవసరం. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు వర్తిస్తుంది. అందులో అయిదో సెక్షన్ ఊరు మారే పిల్లల కోసమే ఉంది. రాష్ట్రం లోపల మారినా, రాష్ట్రం దాటి వచ్చినా, కారణం ఏదైనా బదిలీ కోరే హక్కు పిల్లకు ఉంటుంది. పాత బడివారు టీసీ వెంటనే ఇవ్వాలి. టీసీ రాలేదన్న సాకుతో కొత్త బడిలో ప్రవేశాన్ని ఆపకూడదు. ఇంతవరకు బాగానే ఉంది. అయితే ఈ బదిలీ హక్కు ప్రభుత్వ బడులకు, ప్రభుత్వ సహాయం పొందే బడులకు వర్తిస్తుంది గానీ, సహాయం పొందని ప్రైవేటు బడులకు వర్తించదు. కనుక "ఎక్కడా చేర్చుకోవడం లేదు" అని వాపోయే నాబోటి మధ్యతరగతి తల్లిదండ్రుల మాటలో సగమే నిజముంది. ప్రభుత్వ బడి తలుపు ఏ నెలలోనైనా తెరిచే ఉంటుంది. మనం కోరుకున్న బడి తలుపు తెరుచుకునేదాకా వేచి ఉండటం మన ఎంపిక. ఆ ఎంపికకు బాధ్యత కూడా మనదే. చట్టంలో ఇంటిబడి అన్న మాటే లేదు. బిడ్డను బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అని మాత్రం ఉంది. అందుకే ఈ ఏర్పాటుకు మొదటిరోజే ఒక ముగింపు తేదీ ఉండాలంటాను. ముగింపు తేదీ లేని తాత్కాలికం శాశ్వతంగా మారడానికి ఎంతోకాలం పట్టదు.

ఇక చదువు. బడిలో ఆరేడు గంటలు గడిచినా అందులో ఒక్కొక్క పిల్లకు దక్కేది ఎంత? నలభై మంది ఉన్న తరగతిలో నలభై అయిదు నిమిషాల పీరియడును తలా ఇంత పంచితే ఒక్కొక్కరికి నిమిషం పైచిలుకు వస్తుంది. ఇది ఉపాధ్యాయుల తప్పు కాదు, లెక్క అంతే. ఇంట్లో ఒక పెద్ద, ఒక పిల్ల ఎదురెదురుగా కూర్చుంటే గంటన్నర, రెండు గంటలు ధారాళంగా సరిపోతాయి. అంతకు మించితే పిల్లకు విసుగు, పెద్దకు కోపం. ఉదయం తొమ్మిదికి గంట కొట్టి, గోడకు టైంటేబులు అంటించి, యూనిఫారం ఒక్కటే తక్కువగా ఇల్లు నడిపినవాళ్ళను నేను చూశాను. వారం తిరగకముందే ఆ ఇళ్ళలో ఏడుపులు మొదలయ్యాయి. 2020లో కరోనా వల్ల బడులు మూతబడి తెర ముందు పాఠాలు వచ్చినప్పుడు చిన్న తరగతుల పిల్లలు ఎంత అవస్థపడ్డారో అందరం కళ్ళారా చూసినవాళ్ళమే. బడి గంటలను ఇంట్లోకి తెస్తే బడి రాదు, గంటలు మాత్రమే వస్తాయి.

మరి ఆ రెండు గంటల్లో ఏం చేయాలి? పాత బడి, కొత్త బడి రెంటి మధ్యా ఏ వంతెన లేదో చూసి ఆ వంతెన కట్టాలి. మా విషయంలో అది తెలుగు లిపి. తెలంగాణలో 2018 నాటి చట్టం ప్రకారం అన్ని బడుల్లోనూ తెలుగు తప్పనిసరి. మహారాష్ట్రలో 2020 నాటి చట్టం ప్రకారం మరాఠీ తప్పనిసరి. రెండూ మంచి చట్టాలే. మాతృభాష కోసం గొంతు చించుకునే మనం వాటిని ఆక్షేపించలేం. కానీ ఒక రాష్ట్రంలో తప్పనిసరి భాష నేర్చి, సరిహద్దు దాటి మరో తప్పనిసరి భాషలోకి దిగే పిల్ల చేయి పట్టుకునేదెవరు? మూడో తరగతి తెలుగు వాచకం పిల్లకు రెండేళ్ళ తెలుగు చదువు వచ్చనుకునే మొదలవుతుంది. ఆ రెండేళ్ళను ఎవరో ఒకరు పూడ్చాలి. నలభై మందిని చూసుకునే పంతులమ్మగారి నుంచి దాన్ని ఆశించడం న్యాయం కాదు.

అదృష్టవశాత్తు మరాఠీ వచ్చిన పిల్లకు తెలుగు లిపి పూర్తిగా పరాయిది కాదు. వర్ణమాల వరస ఒకటే. క తరవాత ఖ, చ తరవాత ఛ అని కొత్తగా వల్లె వేయనక్కరలేదు. ళకారం వాళ్ళకూ ఉంది. మరాఠీలో నాలుగును 'చార్' అన్నప్పటి చకారం వేరు, చక్రాన్ని 'చాక్' అన్నప్పటి చకారం వేరు. మన చిలకలోని చకారం, చాపలోని చకారం అలాగే వేరు. ఈ సంగతి చెప్పినప్పుడు మా అమ్మాయికి కలిగిన సంబరం ఏ బహుమతికీ కలగలేదు. కొత్తగా నేర్వవలసినవి కొన్నే. మరాఠీ లిపిలో ఎ, ఏలకూ, ఒ, ఓలకూ తేడా లేదు. కనుక నెల, నేల, కొన, కోన, తెగ, తేగ అంటూ జంటలు రాసుకుంటూ పోయాం. రెండో చిక్కు ఒత్తులు. 'పుస్తక' అని మరాఠీలో రాస్తే సకారం సగమై తకారం నిండుగా నిలుస్తుంది. తెలుగులో సకారం నిండుగా ఉండి తకారం ఒత్తుగా కిందికి దిగుతుంది. "అక్కడ ముందువాడు సన్నబడతాడు, ఇక్కడ వెనకవాడు కింద కూర్చుంటాడు" అని అమ్మాయి తనే సూత్రం చెప్పుకుంది. ఏ వాచకంలోనూ ఆ సూత్రం ఉండదు. ఎందుకంటే ఆ వాచకాలు మరాఠీ నుంచి వచ్చే పిల్ల కోసం రాసినవి కావు. పిల్ల ఎక్కడినుంచి బయలుదేరిందో తెలిసినవాళ్ళు మాత్రమే చెప్పగలిగే పాఠం ఇది. ఇంటిబడికి ఉన్న బలమంతా ఇక్కడే ఉంది.

అంకెలదీ ఇదే కథ. ఇరవై అయిదును మరాఠీలో 'పంచవీస్' అంటారు. అయిదు ముందు, ఇరవై వెనక. వినగానే పిల్లలు 52 రాయడం అక్కడ మామూలే. ఈ ఇబ్బంది తగ్గించాలని 2019లో బాలభారతి వారు రెండో తరగతి గణితంలో 'ఏక్‌వీస్'కు తోడు 'వీస్ ఏక్' అనే పద్ధతి ప్రవేశపెడితే మహారాష్ట్రలో పెద్ద దుమారమే రేగింది. తెలుగులో ఇరవై, అయిదు అని రాసే వరసలోనే పలుకుతాం. తెలుగులో లెక్కపెట్టడం మొదలుపెట్టాక మా అమ్మాయికి పదులు, ఒకట్ల స్థానాలు తేటపడ్డాయి. తల్లిభాష గొప్పదనం గురించి ఉపన్యాసం ఇవ్వకుండానే అది తన పని తాను చేసింది.

పాఠ్యసామగ్రి కోసం వెతకవలసిన పని కూడా లేదు. ఇల్లు మారడమే ఒక పాఠ్యపుస్తకం. అట్టపెట్టెలకు అంకెలు వేయడం, ఏ పెట్టెలో ఏముందో జాబితా రాయడం, విప్పినకొద్దీ కొట్టివేయడం, ఇంకా ఎన్ని మిగిలాయో తీసివేతలో తేల్చడం, ఇదంతా గణితమే, రాతపనే. వచ్చిన రైలుదారి భూగోళం. బల్లార్షా దాటాక సిర్పూర్ కాగజ్‌నగర్, మంచిర్యాల, గోదావరి వంతెన, రామగుండం, పెద్దపల్లి, కాజీపేట. తెలంగాణలోకి అడుగుపెట్టగానే స్టేషను బోర్డుల మీద తెలుగు కనిపిస్తుంది. ఒకే పేరు మూడు లిపుల్లో, వేలెడంత అక్షరాల్లో కాదు, నిలువెత్తు అక్షరాల్లో. పిల్లకు వచ్చిన లిపి పక్కనే రాని లిపి ఉంటే అంతకు మించిన బాలశిక్ష ఏముంటుంది?

ఈ ఏర్పాటులో ఎవరూ పైకి చెప్పని సంగతి ఒకటుంది. "ఇంట్లో చెప్పుకోవచ్చులే" అని సలువుగా అనేవారు ఆ చెప్పేదెవరో అడగరు. అడగనవసరం లేదు, జవాబు అందరికీ తెలుసు. కొత్త ఊళ్ళో గ్యాసు, పాలు, ఆధారు చిరునామా, పనిమనిషి వేట, వీటన్నిటి మీదా చదువు కూడా ఇల్లాలి నెత్తినే పడుతుంది. ఉద్యోగం చేసే తల్లయితే సెలవు ఆమే పెట్టాలి. మా ఇంట్లో ఉదయం గంట ఒకరిది, సాయంత్రం గంట మరొకరిదిగా పంచుకున్నాం. రోజుకు ఒక గంట ఇవ్వలేనని ఇద్దరిలో ఎవరు అన్నా, ఆ ఇంట్లో ఈ ప్రయత్నం చేయకపోవడమే మేలు. దగ్గరలోని బడికి వెంటనే పంపడం పిల్లకూ తల్లికీ కూడా న్యాయం.

ఇల్లు ఇవ్వలేనిదీ ఒకటుంది. తోటిపిల్లలు. ఇంట్లో పిల్లకు వంతు కోసం ఆగే అవసరం రాదు. తనకన్నా బాగా బొమ్మ వేసినవాణ్ణి చూసి ఉడుక్కోవడం, దెబ్బలాడి గంటలో కలిసిపోవడం, పెద్దవాళ్ళకు తెలియని రహస్యాలు దాచుకోవడం, ఇవి ప్రేమగా పాఠం చెప్పే ఏ తల్లీ ఏ తండ్రీ నేర్పలేరు. సాయంత్రాలు పార్కుకు పంపినా అది కొంతవరకే. ఆరోవారం నుంచి అమ్మాయి "బడి ఎప్పుడు?" అని అడగడం మొదలుపెట్టింది. మా పాఠాలు బాగాలేక కాదు, పాఠం బాగున్నదని చెప్పుకోవడానికి పక్కన ఎవరూ లేక. తాత్కాలికం తాత్కాలికంగానే ఉండాలన్నదానికి నాకు ఇంతకన్నా గట్టి కారణం కనిపించదు.

"వెనకబడిపోతుందేమో" అన్న భయం బంధువులందరిదీ. ఎవరికన్నా వెనక? రెండో తరగతిలో పదకొండు వారాల పాఠాలు పోతే పోయేవి కొన్ని కూడికలు, నాలుగైదు పద్యాలు. అవి నెలరోజుల్లో తిరిగి వస్తాయి. తిరిగి రావడం కష్టమైనది చదువు మీద ఇష్టం. ఊరు మారిన దిగులు, స్నేహితులు దూరమైన బెంగ ఉన్న వేళ "అందరూ ముందుకెళ్ళిపోతున్నారు" అని పిల్లను తరిమితే పోయేది అదే.

ఇంత రాశాక వెనకబడటమంటే నిజంగా ఏమిటో చెప్పకుండా ముగించడం బాగుండదు. ఏటా పంటకోతలయ్యాక ఒడిశా పశ్చిమ జిల్లాల నుంచి తెలంగాణ ఇటుకబట్టీలకు కుటుంబాలు వలస వస్తాయి. వానలు పడేముందు తిరిగి వెళతాయి. వాళ్ళ పిల్లలదీ రెండు బడుల మధ్య ఖాళీయే, కానీ అది ఏటేటా వస్తుంది. ఇంట్లో కూర్చోబెట్టి చెప్పే తీరిక బట్టీలో మట్టి పిసికే తల్లికి లేదు. కొన్నిచోట్ల బట్టీల దగ్గరే ఒడియాలో చెప్పే బడులు నడిపారు. పాలమూరు నుంచి వలసపోయే కుటుంబాల పిల్లల కోసం సొంత ఊళ్ళలోనే వలసకాలపు వసతిగృహాలు పెట్టారు. ఈ ఏర్పాట్లు ఉన్నచోట పిల్లలు నిలిచారు, లేనిచోట బడి మానేశారు. చట్టం ఇచ్చిన బదిలీ హక్కు నాకన్నా వాళ్ళకే ఎక్కువ అవసరం, వాళ్ళకే తక్కువ తెలుసు.

కాబట్టి ఊరు మారుతున్న మిత్రులకు నేను చెప్పేది ఇది. టీసీ వచ్చేదాకా ఆగకండి, తేదీ ఒకటి రాసిపెట్టుకోండి, రోజుకు రెండు గంటలు మించకండి, పాత బడికీ కొత్త బడికీ మధ్య తెగిన చోటేదో అక్కడే పని చేయండి. మిగతాది బడి చూసుకుంటుంది. చూసుకోవలసిన పని దానిదే.