టూర్ డబ్బు కట్టే ముందు నాలుగు షరతులు

షోలాపూర్ భవాని పేట్ అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, భిశీలు (చీటీలు) నడిపే పెద్దలకు విన్నపం.

సాంచాల మీద, బీడీల మీద కూడబెట్టిన పైసలతో మనవాళ్లూ విదేశాలు చూసి వస్తున్నారు. సంతోషం. కానీ ఏజెంటు ఇచ్చే రంగు కాగితంలో హోటలు, విందు, షాపింగ్ ఉంటాయి. అక్కడి ప్రభుత్వానికి కోపం వస్తే మన గతేమిటో ఉండదు. పత్రికకు నోరు, కోర్టుకు స్వేచ్ఛ లేని చోట చిన్న పొరపాటే పెద్ద నేరమవుతుంది.

ఉత్తర కొరియా చూడబోయిన అమెరికా విద్యార్థి ఒట్టో వాంబియర్‌కు, ప్రచార పోస్టరు దొంగిలించబోయాడంటూ 2016లో 15 ఏళ్ల కఠిన శిక్ష వేశారు. 2017 జూన్‌లో స్పృహ లేకుండా ఇల్లు చేరి, కొద్ది రోజుల్లోనే కన్నుమూశాడు. కొత్త సంవత్సరం టూరుకని రష్యా పోతే తమను సైన్యంలోకి నెట్టారని 2024లో పంజాబ్, హర్యానా యువకులు వీడియోలో మొరపెట్టుకున్నారు. మన వంటింటి గసగసాలు దుబాయ్‌లో నిషిద్ధం. సామానులో దొరికితే మత్తుమందు కేసు. టిబెట్‌లో దలైలామా ఫొటో పనికిరాదు. అక్కడికే సాగే, 2025లో మళ్లీ మొదలైన కైలాస మానససరోవర యాత్రకు పోయే భక్తులు ఇది తెలిసి పోవాలి.

ప్రమాదం మనకు మాత్రమే కాదు. మనం అడిగామని నిజం చెప్పిన గైడు, డ్రైవరు మనం విమానమెక్కాక కూడా అక్కడే బతకాలి. మన డబ్బు ఎవరి జేబుకు పోతుందో కూడా చూడాలి. బర్మా సైనిక పాలకులు 1996ను పర్యాటక సంవత్సరంగా ప్రకటిస్తే, ఇప్పుడు రావద్దని కోరింది ఆ దేశపు ప్రజాస్వామ్య ఉద్యమ నాయకురాలు ఆంగ్ సాన్ సూకీయే.

‘మనకెందుకీ రాజకీయం’ అనే మాట షోలాపూర్‌లో చెల్లదు. 1930 మేలో బ్రిటిష్ సర్కారు ఇక్కడ మార్షల్ లా పెట్టింది. మన స్వాతంత్ర్య యోధులు మల్లప్ప ధనశెట్టి, కుర్బాన్ హుసేన్, జగన్నాథ్ శిందే, శ్రీకిసన్ సార్డాలను 1931 జనవరి 12న యరవాడ జైలులో ఉరితీశారు. ఆ మార్షల్ లా రోజుల్లో ఎవరో యాత్రికుడొచ్చి, బజారు చూసి, ‘ఊరు చల్లగా ఉంది’ అని రాసుకుపోతే మన తాతలకు ఎలా ఉండేది? అలాంటి దేశాల నుంచి మనం పెట్టే రీలు అక్కడి జనానికి అలాగే ఉంటుంది.

పోవద్దని మేము అనం. బయటివాళ్లు రాకపోతే అక్కడి చిన్న కొట్లు, చిన్న బతుకులు ఇంకా ఎండిపోతాయి. పోయే తీరు మార్చుకుందాం:

1. నిషిద్ధమైన వస్తువులు, మందులు, ఫొటోలు, మాటల జాబితా ఏజెంటు రాసివ్వాలి. ఇవ్వకపోతే అడ్వాన్సు లేదు.

2. టూరిస్టు వీసా మీద ఉద్యోగమిప్పిస్తానన్న వాణ్ని వాడకట్టులోకి రానివ్వొద్దు.

3. పాస్‌పోర్టు నకలు, హోటల్ చిరునామా, అక్కడి భారత ఎంబసీ నంబరు ఇంట్లో పెట్టి పోవాలి. పట్టుకుంటే మొదటి మాట ‘మా ఎంబసీకి తెలపండి’. 1963 వియన్నా ఒప్పందం ఇచ్చిన హక్కు అది.

4. బస, భోజనం స్థానిక కుటుంబాలు నడిపే చోట అడగాలి. అక్కడివాళ్ల ముఖాలు, మాటలు వీడియోలో పెట్టొద్దు. సర్కారు హోటలు, సర్కారు గైడు తప్ప దారి లేని దేశమైతే, ఆ టూరు ఈసారికి మానుకుందాం.

భిశీ బైఠక్‌లో ఈ నాలుగూ చదివి, చేతులెత్తి తీర్మానం చేయండి. ఒక్కరు అడిగితే ఏజెంటు నవ్వుతాడు. పేట్ అంతా అడిగితే రాసిస్తాడు.

— భవాని పేట్ నేత, బీడీ కుటుంబాల వాళ్లం