పేరు అమ్ముడైంది, బండి షెడ్డులోనే ఉంది

2022 జూన్‌లో హిందుస్థాన్ మోటార్స్ సంస్థ కాంటెస్సా పేరును ఎస్.జి. కార్పొరేట్ మొబిలిటీకి బదిలీ చేసింది. చేతులు మారింది ట్రేడ్‌మార్కు, దానితో పాటు కొన్ని హక్కులు. అంతే. వార్త బయటికొచ్చీ రాగానే 'ఎలక్ట్రిక్ కాంటెస్సా వచ్చేస్తోంది' అంటూ ఊహాచిత్రాలు ఫోన్లలో చక్కర్లు కొట్టాయి. పొడవాటి ముక్కు, నలుపు రంగు, సన్నటి ఎల్ఈడీ దీపాలు. ఎవరూ డబ్బులిచ్చి గీయించినవి కావవి, ముచ్చటపడి గీసినవి. షోరూముల్లోకి మాత్రం ఇప్పటిదాకా ఏ కాంటెస్సా రాలేదు.

పాత పేర్లను తవ్వితీసి కొత్త బండ్లకు తగిలించడం ప్రపంచమంతటా కార్ల కంపెనీలకు ఇష్టమైన వ్యాపారమైపోయింది. అందులో ఏది నిలుస్తోంది, ఏది తేలిపోతోంది అన్నది హనుమకొండలో కూర్చుని చూసినా తెలిసే సంగతే. ఆ పేరు చెప్పగానే జనానికి ఏది గుర్తొస్తుందో, దాన్ని మళ్లీ చేతికివ్వగలిగినవాడే బండిని బతికిస్తాడు. అది చేతకాకపోతే, పాత బండిని ఇంకా నడుపుకుంటున్నవాళ్లకు అడ్డు రాకుండా ఉంటే చాలు. కాంటెస్సా విషయంలో ఈ రెండూ జరగడం లేదు.

'ఇండియన్ మజిల్ కార్' అని ఆటోమొబైల్ అభిమానులు కాంటెస్సాకు బిరుదిచ్చుకున్నారు. నిజానికి మొదట్లో ఆ బిరుదుకు అది తూగేది కాదు. 1984లో రోడ్డెక్కినప్పుడు దాని బానెట్ కింద ఉన్నది అంబాసిడర్‌లోని 1.5 లీటర్ల ఇంజినే, శక్తి యాభై హార్స్‌పవర్. ఒళ్లేమో బ్రిటన్‌లో 1970లలోనే ముగిసిపోయిన వాక్స్‌హాల్ కారుది. ఆ అచ్చులు కొనితెచ్చి బెంగాల్‌లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో దించారు. ఆకారం పహిల్వానుది, ఊపిరి అంబాసిడర్‌ది. కొన్నేళ్లకు జపాన్ ఇసుజు కంపెనీ 1.8 లీటర్ల ఇంజిన్, ఐదు గేర్ల పెట్టె బిగించి 'కాంటెస్సా క్లాసిక్' అన్నాక గానీ బిరుదుకు న్యాయం జరగలేదు. మారుతి 800 నలభై హార్స్‌పవర్ కూడా దాటని రోజుల్లో దీనికి 88. పైగా వెనక చక్రాలు తోసే బండి. గేరు మార్చి యాక్సిలరేటర్ తొక్కితే వీపు సీటుకు అతుక్కునేది.

అప్పట్లో అది కొన్నది ఎవరు? కాంట్రాక్టర్లు, సినిమా హాళ్ల ఓనర్లు, పేరున్న డాక్టర్లు, జిల్లా స్థాయి నాయకులు. అంబాసిడర్ ప్రభుత్వానిదైతే కాంటెస్సా పలుకుబడిది. తెలుగు సినిమాలో విలన్ దిగే బండి కూడా చాలాసార్లు ఇదే. తలుపు తెరుచుకోగానే ముందు తెల్లబూటు కనిపించాలి, తర్వాతే మనిషి. 1990లలో విదేశీ కంపెనీలు వరసకట్టాక దాని పొడవే దానికి బరువైంది. 2002లో ఉత్పత్తి ఆగిపోయింది.

మజిల్ కార్ పుట్టిల్లు అమెరికా. అక్కడి సూత్రం మోటు సూత్రం: మామూలు సైజు బండిలో పెద్ద వీ8 ఇంజిన్ పెట్టు, కుర్రాళ్లకు అందే ధరకు అమ్ము. 1964లో పాంటియాక్ జీటీవో ఆ దారి తెరిచింది. అదే ఏడాది ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌లో ఫోర్డ్ మస్టాంగ్ జనం ముందుకొచ్చింది. ఏడాది తిరిగేసరికి నాలుగు లక్షలకు పైగా అమ్ముడైంది. 1970 నాటి క్లీన్ ఎయిర్ చట్టం, బీమా కంపెనీల బాదుడు, 1973 చమురు సంక్షోభం ఒకదాని వెంట ఒకటి మీద పడేసరికి పదేళ్లు నిండకుండానే ఆ జోరు చల్లారింది. 1974 మోడల్‌గా వచ్చిన మస్టాంగ్ 2కు తొలి ఏడాది వీ8 ఇంజినే లేదు. పెట్రోలు బంకుల దగ్గర గంటలు గంటలు నిలబడి విసిగిన జనం దాన్నే ఎగబడి కొన్నారు. అభిమానులు మాత్రం ఇప్పటికీ దాన్ని మస్టాంగ్ అని ఒప్పుకోరు.

2000 తర్వాత ఆ పేర్లకు మళ్లీ ప్రాణం పోసే పని మొదలైంది. అసలు పాఠం ఇక్కడే ఉంది. 2004లో జనరల్ మోటార్స్ ఆస్ట్రేలియాలోని తన హోల్డెన్ మొనారో కారుకు జీటీవో బ్యాడ్జి తగిలించి అమెరికాలో దించింది. ఇంజిన్ దమ్మున్నదే. కానీ ముఖం చూస్తే ఎవరింటి పిల్లో తెలియలేదు. రెండేళ్లకే, 2006లో మూతపడింది. ఫోర్డ్ 2005 మోడల్ మస్టాంగ్‌కు అరవైల నాటి ముఖమే పెట్టింది, వీ8 కూడా ఇచ్చింది. 2008లో డాడ్జ్ ఛాలెంజర్, 2009లో షెవర్లే కమారో అదే బాట పట్టాయి. ఛాలెంజర్ పెద్ద మార్పులేవీ లేకుండానే పదిహేనేళ్లు, 2023 చివరిదాకా నడిచింది. పాత ఆకారం, హెమీ వీ8 ఉరుము... కొన్నవాళ్లు కోరుకున్నది ఆ రెండే. ఆ రెండూ దొరికాయి.

తర్వాత డాడ్జ్ ఎలక్ట్రిక్ చార్జర్ డేటోనా తెచ్చింది. పరుగులో అది పాత వీ8లకు తీసిపోదు. సైలెన్సర్ గర్జనను కృత్రిమంగా పుట్టించే పరికరం కూడా పెట్టారు. అక్కడే బెడిసికొట్టింది. నిశ్శబ్దంగా వెళ్లినా ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదేమో గానీ, నకిలీ గర్జనకు నవ్వుకున్నారు. అమ్మకాలు కుంటుపడ్డాయి. కంపెనీ ఆరు సిలిండర్ల పెట్రోలు చార్జర్‌ను కూడా తెచ్చింది. అదే గ్రూపులోని రామ్ సంస్థ పికప్ ట్రక్కుల నుంచి తీసేసిన హెమీ ఇంజిన్‌ను 2025లో మళ్లీ పెట్టింది. డెట్రాయిట్ చుట్టుపక్కల నోవై, ఫార్మింగ్టన్ హిల్స్ లాంటి ఊళ్లలో ఉంటూ ఈ కంపెనీల్లోనే ఇంజినీర్లుగా పనిచేస్తున్న మనవాళ్లు తక్కువేం లేరు. ఏటా ఆగస్టులో వుడ్‌వర్డ్ అవెన్యూ పొడవునా పాత బండ్లు వేల సంఖ్యలో బారులు తీరినప్పుడు, పక్కన నిలబడి తీయించుకున్న ఫొటోలు వరంగల్ ఇళ్ల వాట్సాప్ గ్రూపుల దాకా వస్తాయి.

ఎలక్ట్రిక్ అయితే పాత పేరు చెల్లదనుకుంటే అదీ పొరపాటే. మన చేతక్ సంగతి చూడండి. 1972 నుంచి మూడు దశాబ్దాలకు పైగా నడిచిన బజాజ్ చేతక్ పేరు 2019 అక్టోబరులో ఎలక్ట్రిక్ స్కూటర్ మీద తిరిగొచ్చింది. పాత చేతక్‌లో ఉన్న ఒక్క నట్టు కూడా ఇందులో లేదు. పక్కకు వంచి కిక్కు కొట్టే పనీ లేదు. అయినా ఎలక్ట్రిక్ స్కూటర్ల అమ్మకాల్లో అది పై వరసలో ఉంది. ఎందుకంటే చేతక్ అంటే చప్పుడు గుర్తొచ్చేది కాదు. అమ్మ వెనక, పిల్లాడు ముందు నిలబడి, కూరగాయల సంచి తగిలించుకుని ఇంటికి చేర్చే నమ్మకం గుర్తొచ్చేది. రేకు ఒళ్లు, గుండ్రటి దీపం, నిదానపు నడక. ఇవి మోటారుతోనూ ఇవ్వొచ్చు.

జావా కథ మధ్యరకం. ఒకప్పుడు మైసూరులో తయారై ఆగిపోయిన ఆ బండి పేరును మహీంద్రా వెనకున్న క్లాసిక్ లెజెండ్స్ సంస్థ 2018 నవంబరులో తిరిగి తెచ్చింది. రూపం అచ్చు దింపారు. టూ స్ట్రోక్ మోత పోయింది. కాలుష్య నిబంధనలు దాన్ని ఎలాగూ ఒప్పవు. బుకింగులు పోటెత్తాయి, డెలివరీలు నెలల తరబడి సాగాయి, ఎదురుచూసి ఎదురుచూసి కొందరు బుల్లెట్ కొనుక్కుని వెళ్లిపోయారు. 1991 నాటి టాటా సియెర్రా పేరు కూడా 2025 నవంబరులో మళ్లీ వినిపించింది, దాని లెక్క తేలడానికి ఇంకా టైముంది. ఇక అంబాసిడర్ అయితే మరీ విచిత్రం. 2017లో ఫ్రాన్స్‌కు చెందిన ప్యూజో ఆ పేరును 80 కోట్ల రూపాయలకు కొనుక్కుంది. ఇన్నేళ్లలో ఆ పేరుతో ఒక్క కారూ ఫ్యాక్టరీ గేటు దాటలేదు. పేరు కొనడానికీ బండి రావడానికీ ఎంత దూరమో చెప్పడానికి ఈ ఒక్కటి చాలు.

మరి కాంటెస్సా పేరులో ఏముంది? పొడవు ముక్కు, వెనక చక్రాల తోపుడు, పలుకుబడి. ఆ తోపుడును ఎలక్ట్రిక్ మోటారు ఇంకా బాగా ఇస్తుంది. పొడవు ముక్కు రేకుల పని. ఆ మేరకు ఎలక్ట్రిక్ కాంటెస్సా ఆలోచన తప్పేం కాదు. కానీ పలుకుబడి ఇప్పుడు ఫార్చ్యూనర్ ఎక్కి తిరుగుతోంది. దాన్ని ఎత్తు తక్కువ సెడాన్‌లోకి దించడం ఏ కంపెనీకైనా కష్టమే. పైగా భారతదేశంలో సెడాన్ల గిరాకీ ఏళ్లుగా తగ్గుతూనే వస్తోంది. 'కాంటెస్సా' అని రాసిన ఎస్‌యూవీ వస్తే ఆశ్చర్యపోకండి. వస్తే మాత్రం అది ఇంకో జీటీవోనే.

అసలు కాంటెస్సా ఇంకా చావలేదు, అదీ సంగతి. వరంగల్ ఆటోనగర్‌లాంటి చోట్ల షెడ్డుల్లో, టార్పాలిన్ కింద, ఏపీ 36 నంబరు ప్లేటుతో పాత బండ్లు మరమ్మతు కోసం నిలబడి ఉంటాయి. పాత తరం మెకానిక్ పని చేస్తుంటే చూడాలి. కార్బురేటర్ విప్పి, గిన్నెలో పెట్రోలు పోసి కడిగి, జెట్లను వెలుతురుకు పట్టి ఒంటికన్నుతో చూసి, గాలి కొట్టి, మళ్లీ బిగిస్తాడు. స్టార్ట్ చేసి ఐడ్లింగ్ స్క్రూను వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పుతూ మాట్లాడకుండా వింటాడు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే చెయ్యెత్తి ఆగమంటాడు. స్కానర్ తగిలించి కోడ్ చదవడం నేర్చిన కుర్రాళ్లకు ఈ చెవి రాదు, వాళ్ల తప్పూ కాదు. నేర్చుకోవడానికి బండ్లేవి?

పాత కాంటెస్సా ఓనర్లకు ఇంజిన్ బాధ పెద్దగా లేదు. అదే ఇసుజు 1.8 ఇంజిన్‌ను హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడర్‌కూ పెట్టింది కాబట్టి, తుక్కుకు వచ్చిన అంబాసిడర్లు వీటికి అవయవదాతలు. "ఇంజిన్‌కేం గాదు సార్, బీడింగులు దొరుకుతలేవు, ఎనక లైట్ల అద్దాలు దొరుకుతలేవు" – ఏ షెడ్డుకు వెళ్లినా వినబడే మాట ఇదే. ముందు అద్దం పగిలితే ఆ బండి కథ ముగిసినట్టే. అమెరికాలో 1960ల మస్టాంగ్ పూర్తి రేకు ఒంటినే ఫోర్డ్ లైసెన్సు మీద డైనకార్న్ అనే సంస్థ కొత్తగా తయారుచేసి అమ్ముతోంది. అద్దాలు, బీడింగులు, సీటు కవర్లు కేటలాగు చూసి తెప్పించుకోవచ్చు. అక్కడ పాత పేరు బతికే ఉందంటే కంపెనీ ప్రకటనల వల్ల ఎంతో, ఈ కేటలాగుల వల్ల అంతకంటే ఎక్కువ.

పాతదాన్నే మళ్లీ నిలబెట్టడానికి హనుమకొండలోనే సాటి ఒకటుంది. 1163లో కాకతీయ రుద్రదేవుడు కట్టించిన వేయి స్తంభాల గుడి కల్యాణ మండపాన్ని పురావస్తు శాఖ రాయి రాయి విప్పదీసి, ప్రతి రాయికీ నంబరు వేసి, ఇసుక పునాది మీద మళ్లీ నిలబెట్టింది. 2024 మార్చి 8న, మహాశివరాత్రి నాడు అది తెరుచుకుంది. విప్పిన రాళ్లు ఏళ్ల తరబడి ఆవరణలో పడి ఉంటే ఊరు ఎంత తిట్టుకుందో అందరికీ తెలుసు, ఆ ఆలస్యాన్ని సమర్థించనక్కర్లేదు. కానీ పనికొచ్చే ప్రతి పాత రాయినీ వాడారు, పోయినదాని చోటే కొత్తది చెక్కారు. గుడి పేరు రాసిన కొత్త కాంక్రీటు హాలు కట్టి చేతులు దులుపుకోలేదు.

పాత బండి విషయంలో ప్రభుత్వ నిబంధనలు దీనికి వ్యతిరేక దిశలో పోతున్నాయి. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ తెచ్చింది. మంచిదే. కానీ యాభై ఏళ్లు నిండితేనే ఆ హోదా. మరోపక్క పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలకు పోయింది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటినవాటికి 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్సు అదనం. కాంటెస్సాలన్నీ ఇరవై దాటినవే, ఒక్కటీ యాభైకి చేరలేదు. రోజూ పొగ చిమ్ముతూ తిరిగే డొక్కు బండికీ, నెలకోసారి కవరు తీసి చౌరస్తా దాకా తిప్పి తెచ్చే బండికీ ఒకే ఫీజు.

కాలుష్యం మాటేమిటని అడగడం న్యాయమే. కార్బురేటర్ బండి పొగ ఈనాటి ప్రమాణాలకు తూగదు, అందులో దాపరికం లేదు. అందుకే వాటిని విచ్చలవిడిగా తిరగనివ్వమని ఎవరూ అడగడం లేదు. జర్మనీలో ముప్పై ఏళ్లు నిండి, అసలు రూపంలో మంచి స్థితిలో ఉన్న బండికి 'హెచ్' ప్లేటు ఇచ్చి తక్కువ పన్ను వేస్తారు. మన దగ్గరా ముప్పై ఏళ్లకు 'క్లాసిక్' తరగతి ఒకటి పెట్టి, ఏడాదికి ఇన్ని కిలోమీటర్లే అని హద్దు గీయొచ్చు. వింటేజ్ బండ్లు రోజువారీ పనులకు తిరగకూడదనే నిబంధన ఇప్పటికే ఉంది, దాన్నే కొంచెం సడలించి వాడితే సరిపోతుంది.

పేరు కొన్న సంస్థలకూ ఒక షరతు ఉండాలి. కారు తెస్తారో లేదో వాళ్లిష్టం, వ్యాపారం వాళ్లది. కానీ పేరుతో పాటు పాత డ్రాయింగులు కూడా చేతికొస్తే వాటిని బీరువాలో పెట్టి తాళం వేసుకోకూడదు. అద్దం, బీడింగు, వెనక దీపం చేసుకుంటామని చిన్న తయారీదారు ఎవరైనా ముందుకొస్తే లైసెన్సు ఇవ్వాలి. ఇప్పుడున్న లెక్కన 1984 నాటి మొదటి కాంటెస్సాకు వింటేజ్ హోదా 2034లో వస్తుంది, 2002 నాటి చివరిదానికి 2052లో. అప్పటిదాకా ఐదేళ్లకోసారి పదివేలు కట్టగలిగే ఓనర్లు దొరకొచ్చు, ముందు అద్దం మాత్రం దొరకదు.